మూడో కంపనం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు బాపట్లలో, మా డిపార్ట్‌మెంటు గదిలో, నా గొంతు వరండా దాకా వినబడిందట.

గొడవంతా గ్రాఫులో శిఖరంలా పైకి లేచే ఒక పీక్ గురించి. ఏ పదార్థంలోనైనా పరమాణువులు ఊరికే ఉండవు, ఉన్నచోటే ఊగుతుంటాయి. పొరలుపొరలుగా ఉండే ఒక స్ఫటికంలో అవి ఎలా ఊగుతాయో కంప్యూటరులో లెక్కకట్టడం నా పీహెచ్‌డీ. అదే స్ఫటికాన్ని వేరే ఊళ్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో కొలిచారు. నా లెక్కలో మూడు కంపనాలు, అంటే మూడు పీకులు. వాళ్ల కొలతలో రెండే. థీసిస్ ఇవ్వడానికి నెల ఉంది. ఆఖరి అధ్యాయమంతా ఆ మూడోదాని గురించే.

“పీకుల్ని కాస్త వెడల్పు చెయ్యమ్మా. మూడోది పక్కదాంట్లో కలిసిపోతుంది. అందరూ చేసేదే కదా,” అన్నారు మా గైడ్‌గారు.

మా పనిలో అది మామూలే. లెక్కలో వచ్చేవి సన్నటి గీతలు. కొలతతో పోల్చడానికి వాటిని కొంచెం పరుస్తాం. ఎంత పరచాలన్నది మన చేతిలోనే ఉంటుంది. మరీ పరిస్తే ఎంత తేడా అయినా మాయమైపోతుంది.

“నా లెక్క తప్పు కాదండి. నేను కలపను.”

“కలపకపోతే ఆ చాప్టరు తీసెయ్యాలి. ఇంకో ఏడాది పడుతుంది. చూసుకో మరి.”

రేపల్లెలో మా ఇంటికి వెళ్లాలంటే తెనాలిలో బండి మారాలి. ఆ సాయంత్రం అక్కడ ప్లాట్‌ఫారం మీద కూర్చుని, ఒళ్లు మండిపోతుండగా లాప్‌టాప్ తెరిచి లెక్క మళ్లీ చూశాను. అప్పుడు తట్టింది. మొదటి రెండు కంపనాలూ పక్కలకి. మూడోది పైకీ కిందికీ, సరిగ్గా మైక్రోస్కోపులో ఎలక్ట్రాన్లు వచ్చే దారిలోనే. పడవకి ఎదురుగా నిలబడితే అది అటూ ఇటూ ఊగడం కనిపిస్తుంది గానీ, మన వైపు ముందుకీ వెనక్కీ జరగడం తెలియదు. ఛ, ఇంత చిన్న విషయమా! అక్కడికక్కడే మైక్రోస్కోపు నడిపే ఆయనకి ఫోన్ చేశాను.

“శాంపిల్‌ని కొంచెం వాల్చి చూడండి సార్, మూడోది కనిపిస్తుంది.”

“వాలిస్తే బొమ్మ మసకైపోద్దండి. పైగా మైక్రోస్కోపు మీద మీకిచ్చిన టైములో మిగిలింది ఒక్క పూటే. రాకపోతేనో?”

“రాకపోతే తప్పు నాదేనని రాసిస్తానండి. మీరు వాల్చండి.”

నమ్మకంగానే అన్నాను. బండెక్కాక మాత్రం ఆ లెక్క ఇంకో మూడుసార్లు చూసుకున్నాను.

వారానికి గ్రాఫు వచ్చింది. చిన్నదే గానీ, మూడో పీక్ నా లెక్క చెప్పిన చోటే ఉంది. నేను పెట్టిన కేకకి అటెండరు కంగారుగా వచ్చి తలుపులోంచి తొంగిచూశాడు. గర్వం దాచుకోకుండానే తీసుకెళ్లి గైడ్‌గారి ముందు పెట్టాను. ఆయన మూడో పీక్ మీద వేలు పెట్టారు.

“నా పీహెచ్‌డీ కూడా ఈ స్ఫటికం మీదే. యంత్రం వేరు. కొలతలో నాకూ రెండే వచ్చాయమ్మా. లెక్కలోని మూడోదాన్ని వెడల్పు చేసి కలిపేశాను.”

నాలుగేళ్లుగా నా ప్రతి రిపోర్టులోనూ మొదట ఆధారంగా చూపించేది, ఆ పని మీద ఆయన రాసిన పేపరునే.

“అది తప్పని నీ థీసిస్‌లో రాయి.”

“ఎందుకులెండి సార్, మీ పేరు...”

“రాయమ్మా.”

రాశాను. ఆ వాక్యం మరీ మెత్తగా ఉందని రెండుసార్లు వెనక్కిచ్చారు. మూడోసారి ‘తప్పు’ అన్న మాట ఆయనే తన పెన్నుతో చేర్చి, ఆ తర్వాతే థీసిస్ సర్టిఫికెట్ పేజీ మీద గైడుగా సంతకం పెట్టారు.