హోమ్ పేజీలో ప్రెసిడెంట్ గారు

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, లోకాన్ని సరిదిద్దే పని నాకే అప్పగించినట్టు తిరిగేదాన్ని. మాదాపూర్‌లో వెబ్‌సైట్లు చేసే చిన్న కంపెనీ మాది. మదీనాగూడలో ఒక సేవాసంస్థ కాళ్లు విరిగినవాళ్లకి చక్రాల కుర్చీలు ఉచితంగా ఇచ్చి, అవసరం తీరాక వెనక్కి తీసుకునేది. వాళ్లకి సైట్ చేసిపెట్టమని మా బాస్ నన్ను పంపితే, మంచి పని కదా అని సంబరంగా వెళ్లాను. (అప్పటికింకా ప్రెసిడెంట్ గారు పరిచయం కాలేదు.)

ఆయన కోస్తా నుంచి వచ్చి, ఇక్కడ ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి. కుర్చీ కావలసినవాళ్లు నొక్కడానికి ఒక బటన్, చుట్టూ బోలెడు ఖాళీ వదిలి నేను ముచ్చటగా పేజీ చేస్తే, కళ్లజోడు సవరించుకుని "జాగా అంతా వేస్టయిపోతోందండి" అన్నారు. అక్కడ తన సన్మానం ఫొటో పెట్టమన్నారు. మెడలో ఇంత లావు దండ, నుదుట బొట్టు. పేజీ తెరవగానే శ్లోకం కూడా వినపడాలట. నాకు ఒళ్లు మండిపోయింది. తల్లి కాలు విరిగి ఎవరో కంగారుగా ఫోన్ తెరిస్తే, వాళ్లకి కావలసింది ఫోన్ నంబరా, ఈయన దండా? జనాన్నే అడుగుదామన్నాను. ఆయన సంతోషంగా తన కమిటీ సభ్యుల్ని అడిగొచ్చారు. ఫొటో ఇంకాస్త పెద్దదైతే నిండుగా ఉంటుందని అందరూ ఏకగ్రీవంగా తేల్చారు. (వాళ్లలో ఒక్కరికీ చక్రాల కుర్చీ అవసరం లేదు.) మియాపూర్ బస్సులో నేను పళ్లు నూరుతుంటే, పక్క సీటావిడ లేచి వేరేచోట కూర్చుంది.

సైట్ ఆయన కోరినట్టే మొదలైంది. ఆ తర్వాత కుర్చీల కోసం వచ్చేవాళ్లు తగ్గిపోయారు. దానికీ నా డిజైనే కారణమని ఆయన నన్ను పిలిపించారు. మండిపడుతూ వెళ్లేసరికి ఆఫీసులో ఒకామె నిలబడి ఉంది. అపార్ట్‌మెంట్లలో హౌస్‌కీపింగ్ చేస్తుందట. భర్త బిల్డింగ్ పనిలో కిందపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మా సైట్ చూశావా, ఎలా ఉందని అడిగాను. ప్రెసిడెంట్ గారు వెనక గదిలోంచి వస్తున్నారు. ఆమె ఫోన్ తెరవగానే శ్లోకం మొదలైంది. ఆమె ఫోన్‌ని కళ్లకద్దుకుని, గొంతు తగ్గించి అడిగింది:

"పాపం, ఈ సారు ఎప్పుడు పోయిండు మేడం? సారు పోయినంక కుర్చీలు బంద్ చేసిన్రని మా బస్తీల అందరు అంటున్నరు. గందుకే నేను గూడ ఇన్ని రోజులు రాలే."

ఆమె తలెత్తేసరికి ఎదురుగా సారు. ఒక అడుగు వెనక్కి వేసింది. నేను నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాను. ఇన్నాళ్లూ తన భర్త బాత్రూమ్‌కి కూడా చేతులమీద పాక్కుంటూ వెళ్తున్నాడని ఆమె చెప్పింది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

ప్రెసిడెంట్ గారు లోపల్నుంచి కుర్చీ తెచ్చి, తన చేతిరుమాలుతో దుమ్ము తుడిచి, తానే ఆటో దాకా తోసుకెళ్లారు. తిరిగొచ్చి "ఆ ఫొటో తీసేయండమ్మా, ఫోన్ నంబరు పెద్దగా పెట్టండి" అన్నారు. ఆ తర్వాత కుర్చీలు మళ్లీ కదిలాయి. (ఆమె ఆటో ఎక్కుతూ "అక్షరాలు గూడ జర కనవడ్తలేవు మేడం" అంది. నేను ఏరికోరి పెట్టుకున్న లేత బూడిదరంగు అక్షరాలవి. నల్లగా మార్చాను గానీ, ఎంత కోపమొచ్చిందో.)

ఇప్పుడు నేనూ ఒక టీమ్‌కి పెద్దని. మొన్న కొత్తగా చేరిన అమ్మాయికి ఏదో సలహా చెబితే, ముక్కుపుటాలు అదురుతుండగా "వాడేవాళ్లని అడిగారా మేడం?" అంది. అడగలేదు. నాకు కోపం రావలసింది, రాలేదు. అంత కోపం నాకు వచ్చి ఎన్నాళ్లయిందో అనుకుంటూ, కాస్త అసూయగా నవ్వి, నా సీటుకి వచ్చేశాను.