నాయన ఎడమ చేయి, నా ఎడమ చేయి

ఇది మూడు ఊళ్లు దాటి, రెండు తరాల మీదుగా నడిచి, ఒకనాటి రాజధాని శిథిలాల్లో మోగి, ఒక మనిషి చేతిలోని సత్తువ ఇంకొకరి చేతిలోకి ఎట్లా పాకిందో చెప్పే మహాగాథ. ఇట్లా మొదలుపెడితే చదివేవాళ్లు కాస్త సర్దుకుని కూర్చుంటారని నా ఆశ. నిజానికి మూడు ఊళ్లంటే పెనుకొండ, ధర్మవరం, హిందూపురం. పొద్దున ప్యాసింజరు ఎక్కితే మధ్యాహ్నం సంగటి వేళకు మూడూ చూసి రావచ్చు. రెండు తరాలంటే నేనూ మా నాయనా. శిథిలాల మాట మాత్రం అబద్ధం కాదు, కాకపోతే మా కాలానికి వాటిలో రాజులకంటే మేకలు ఎక్కువ.

మొన్న హిందూపురం బస్టాండు వెనక గోడకు ఒకతను సినిమా పోస్టరు అంటిస్తున్నాడు. పక్కన బకెట్లో మైదా జిగురు, అందులో నిలబెట్టిన చీపురుకట్ట. పచ్చిపిండికీ ఉడికిన పిండికీ మధ్య ఎక్కడో ఆగిపోయి కాస్త పులిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నా ఎడమ చేయి ప్యాంటు జేబులోకి వెళ్లిపోయింది. నేను పెట్టలేదు, అదే వెళ్లింది. జేబులో ఫోను మోగుతోందేమో అనుకుని తీసి చూశాను. మోగడం లేదు.

మా ఇంట్లో అది పెళ్లిళ్ల కాలపు వాసన. మా నాయన డోలు వాయించేవాడు. అమ్మకు అన్న ఓబులేసు మామది సన్నాయి. ముహూర్తాలు మొదలయ్యే ముందు అమ్మ చిన్న గిన్నెలో మైదా ఉడికిస్తే, నాయన పాత పంచె పేలికలను ఆ జిగురులో ముంచి కుడి చేతి వేళ్లకు ఒక్కోదానికీ చుట్టుకుని, ఎండ పడే అరుగు మీద చేయి చాపుకుని కూర్చునేవాడు. అవి ఆరి గట్టిపడితే, ఆ తొడుగుల వేళ్లతోనే డోలు కుడి మొహాన్ని పలికించేది. ఎడమ మొహానికి ఎడమ చేతిలో పుల్ల. తొడుగులు ఆరేదాకా ఆయన కుడి చేయి ఎవరి పనికీ రాదు. ఈగను తోలాలన్నా, బీడీ ముట్టించాలన్నా ఎడమ చేతితోనే. ధర్మవరంలో పెళ్లయితే, ఊరంతా నేసేది పెళ్లి పట్టుచీరలే కాబట్టి, పెళ్లికూతురి మొహం కన్నా ముందు ఆమె చీర అంచును చూసే జనం మధ్య వాయించి, మామా నాయనా మరునాడు తిరిగొచ్చేవాళ్లు. మామ సంచిలో ఓళిగలు, చిత్రాన్నం, మిరపకాయ బజ్జీలు, వక్కపొడి అన్నీ ఒకే కవర్లో ఉండేవి. ఇప్పటికీ వక్కపొడి వాసన లేని ఓళిగ నాకు ఏదో లోటుగానే అనిపిస్తుంది.

చిన్నప్పుడు నా కుడి చేయి చురుకుది. బొంగరం దానిదే, గోలీలు దానివే, చింతకాయ మీదికి విసిరే రాయీ దానిదే. ఎడమ చేయి మాత్రం పెళ్లికి వచ్చి, ఒక్క చెంబు నీళ్లు అందించకుండా భోంచేసి పోయే బంధువు లాంటిది. నాయన నన్ను డోలు ముందు కూర్చోబెట్టి కాసేపు విని, “కుడిది మాట్లాడతాంది, ఎడమది ఆవలిస్తాంది” అన్నాడు.

ఆవలించే చేతికి ఆయన దగ్గర ఒక వైద్యం ఉంది. ఎర్ర టవల్‌తో నా కుడి చేతిని నడుముకు కట్టేసి, ఇసుక నింపిన గోనెసంచి ముందు కూర్చోబెట్టాడు. చేతికి మామూలు పుల్లకన్నా బరువైన చింతకట్టె ఇచ్చాడు. డోలు తోలైతే కొట్టిన పుల్లను తనే పైకి తోస్తుంది. ఇసుక తోయదు, మింగేస్తుంది. ప్రతి దెబ్బకూ మణికట్టే కట్టెను ఎత్తుకోవాలి. బావిలో చేద తోడటం ఎడమ చేత్తోనే, బొంగరం తాడు చుట్టడం ఎడమ చేత్తోనే, తలుపు గడియ తీయడం ఎడమ చేత్తోనే. బొంగరం ఆటలో నన్ను ఓడించాలని కలలుగన్న పిల్లలందరి కలలూ ఆ ఎండాకాలంలోనే పండాయి. అన్నం కూడా ఎడమ చేత్తోనే తినమని నాయన ఉద్దేశం. అవ్వ ఒప్పుకోలేదు.

“ఎడం చేత్తో ముద్ద ముట్టుకున్యాడంటే ఈ ఇంట్లో సంగటి కెలికేది నేను కాదు” అంది.

“చేతికి బలం రావల్ల కదమ్మా” అన్నాడు నాయన.

“ఎడమ చేయి మనది కాదురా. పోయినోళ్లది. వాళ్లు అడిగేదాకా మనం వాడుకుంటాండాం, అంతే.”

ఇలాంటి మాటలు అవ్వ మామూలు గొంతుతో, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చెప్పేది. గొంతు వణికించి చెప్పి ఉంటే నవ్వేసేవాణ్ణి.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం నాయన అరుగు మీద వేళ్ల తొడుగులు ఆరబెట్టుకుంటూ నా ఇసుక దెబ్బలు వింటున్నాడు. ఏం వినిపించిందో, “ఇంక చాలు, డోలు మీద కొట్టు” అన్నాడు. తన పుల్లను తీశాడు. వాళ్ల నాయన చేతిలోంచి వచ్చిన పుల్ల అది, పట్టుకునే చోట నల్లగా నున్నబడిపోయి ఉండేది. ఆయన కుడి చేతికి తడి జిగురు. నా కుడి చేతికి టవల్ కట్టు. ఆయన ఎడమ చేయి చాపాడు, నేను ఎడమ చేయి చాపాను.

చేటలో చెనిక్కాయలు చెరుగుతున్న అవ్వ ఆగిపోయింది. పైకెగిరిన గింజలు చేటలోకి రాకుండా నేల మీద పడ్డాయి.

“ఎంత పని చేస్తివిరా! ఎడం చేత్తో ఇస్తే ఇచ్చినోనికి మిగల్దురా!”

“పుల్లే కదమ్మా ఇచ్చింది.”

“పుల్లొక్కటే అయితే బాగుండు” అని అవ్వ కిందపడిన గింజలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

మా పెనుకొండలో కొండ మొదట్లో పైకప్పు సగం కూలిన ఒక రాతి మంటపం ఉండేది. ఇంట్లో చెవులు పోతున్నాయని అమ్మ తరిమేస్తే డోలు మోసుకుని అక్కడికి పోయేవాణ్ణి. మిట్టమధ్యాహ్నం రాళ్లు కాలి ఒక రకమైన ఎండు వాసన వేసేవి, మేకలు నీడన పడుకుని నెమరేసేవి, గాలి పూర్తిగా చచ్చిపోయేది. నేను కుడి వేళ్లతో కొడితే ఆ శబ్దం ఎక్కడికో పోయి మళ్లీ వచ్చేది కాదు. ఎడమ పుల్ల దెబ్బ మాత్రం కొండకు తగిలి తిరిగొచ్చేది. కాస్త ఆలస్యంగా, నేను కొట్టినదానికన్నా నిబ్బరంగా. ఎవరో పెద్దవాళ్లు నా తప్పు దిద్ది వెనక్కు పంపినట్టు. ఒకరోజు నేను కొట్టడం ఆపాక కూడా రెండు దెబ్బలు వచ్చాయి. మేకలు తలెత్తి చూశాయి. అవి చూడకపోయి ఉంటే నా భ్రమ అనుకునేవాణ్ణి. డోలు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చి, అమ్మ మళ్లీ తరిమితే పోయి తెచ్చుకున్నాను.

ఆ తర్వాత నుంచే నాయన చేతిలోంచి వస్తువులు జారడం మొదలైంది. మొదట టీ గ్లాసు. తర్వాత లుంగీ ముడి వేసుకోవడానికి రెండు మూడుసార్లు ప్రయత్నం. ఒకరోజు ఎడమ చేత్తో పట్టుకున్న సైకిలు హ్యాండిలు తనంతట తనే పక్కకు తిరిగింది. ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి ఇంటి పెళ్లికి శ్రుతిపెట్టె నొక్కడానికి నన్నూ తీసుకుపోయారు. తాళి కట్టే క్షణం, గట్టిమేళం ఉరుముతుండగా, నాయన ఎడమ చేతిలోని కొత్త పుల్ల జారి, ఎగిరి, అయ్యవారి ముందున్న అక్షింతల పళ్లెంలో పడింది. నాయన కుడి వేళ్లతోనే రెండు మొహాల పని చేస్తూ మేళం ఆగకుండా లాక్కొచ్చాడు. మామ సన్నాయి నోట్లోంచి తీయకుండా కనుబొమలు మాత్రం ఎత్తాడు. ఇది కూడా ఒక ఆచారమే అనుకున్నాడో ఏమో, మగపెళ్లివాళ్ల తాత ఒకాయన లేచి పుల్ల మీద నాలుగు అక్షింతలు వేసి దండం పెట్టుకున్నాడు.

తిరుగు రైల్లో నాయన ఎడమ చేతిని టవల్ కింద దాచుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఎదుటి సీట్లో నా ఎడమ చేయి మాత్రం, నేను చెప్పకుండానే, రైలు చక్రాల లయకు తొడ మీద వాయిస్తోంది. దాన్ని కుడి చేత్తో పట్టుకున్నాను. కుడి చేయి కింద అది ఇంకా కదులుతూనే ఉంది.

ఇంటికొచ్చాక అవ్వ మా ఇద్దరి ఎడమ చేతులూ తన ఒళ్లో పక్కపక్కన పెట్టుకుని, వంకాయలు బేరం చేసేదానిలా అటూ ఇటూ తిప్పి నొక్కి చూసింది. నా బొటనవేలి కింద కండ ఉబ్బి ఉంది. నాయనకు అదే చోట గుంట.

“చూడప్పా. బాయి పక్కనే బోరేసినాడు వీడు. వీనికి ఊరుతాంది, నీకు ఇంకుతాంది” అంది.

మా వైపు పిల్లవాడికి దీనికి వివరణ అక్కర్లేదు. పక్కింటివాళ్లు బోరు వేసిన వారానికే ఎండిపోయిన బావిలోకి వంగి చూసినవాళ్లమే అందరం.

ఆ మధ్యాహ్నం నుంచి నాకు ఒకటే పని: తీసుకున్నది తిరిగి ఇచ్చేయాలి. ఎట్లా వచ్చిందో అట్లాగే పోవాలి కదా, ఎడమ నుంచి ఎడమకు. పుల్ల పట్టుకుని నాయన ముందు నిలబడి ఎడమ చేయి చాపాను.

“పెద్దోళ్లకు ఎడం చేత్తో ఇస్తావేమిరా, సిగ్గులేదా?” అని నెత్తిన ఒకటి మొట్టి, కుడి చేత్తో తీసుకున్నాడు. మరునాడు ఆయన కుడి చేత్తో గడ్డం గీసుకుంటున్నప్పుడు పోయాను. కత్తి పక్కన పెట్టి, నురగ చేయి తుడుచుకుని, కుడి చేత్తోనే తీసుకున్నాడు. అన్నం తింటున్నప్పుడు పోతే “ఆడ పెట్టు” అన్నాడు. నా చేయి ఆవలించినప్పుడు లేని పెద్దమనిషితనం ఇప్పుడు మా ఇద్దరి మధ్య గోడలా నిలబడింది. ఆయన మర్యాదే ఆయన చేతిని తినేస్తోందని చెప్పే ధైర్యం నాకు లేదు. డోలు ముట్టుకోవడం మానేశాను. ఇసుక సంచి మీద కోడి గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది.

చివరికి మళ్లీ మైదా ఉడికిన రోజు వచ్చింది. పక్క వారం హిందూపురంలో పెళ్లి. నాయన కుడి చేయి ఎండలో చాపుకుని కూర్చున్నాడు, వేళ్లకు తడి పేలికలు. నేను పుల్ల తీసుకుని ఎదురుగా పోయి ఎడమ చేయి చాపాను. ఆయన నన్ను చూశాడు, పుల్లను చూశాడు, గుమ్మంలో నిలబడ్డ అవ్వను చూశాడు. ఆవిడ మాటలు ఆయనా నమ్ముతున్నాడని నాకు అప్పుడు తెలిసింది. నెమ్మదిగా ఎడమ చేయి ఎత్తాడు. పుల్లను అరచేతిలో పెట్టాను. వేళ్లు మూసుకోలేదు. వాటికి నాయన చెబుతున్నాడు, అవి వినడం లేదు. పుల్ల దొర్లి, అరుగు మీద ఒక దెబ్బ, మెట్టు మీద ఒక దెబ్బ కొట్టి మట్టిలో పడింది.

గిన్నె కడగడానికి బయటికొచ్చిన అమ్మ ఇదంతా చూసింది. అమ్మది హిందూపురం. దయ్యాలకు టైమివ్వని మనిషి.

“ఎన్నాళ్లయింది ఇట్లా?” అంది. నాయన మట్టిలో పడిన పుల్లను చూశాడు. “నిన్నేనప్పా అడిగేది.”

“ఉగాది ముందు నుంచే” అన్నాడు నాయన. “ఆస్పత్రికి పోతే చేయి పోయిందంటారేమో అని. చేయి లేకపోతే డోలు ల్యా. డోలు లేకపోతే నేనెవురు?”

“డోలు లేకపోతే మా యింటాయనవి. లెయ్, బస్సుకు టైమయింది.”

నన్ను కూడా తీసుకుపోయారు. హిందూపురంలో డాక్టరు గది బయట ఇనుప బెంచీ మీద కూర్చుని, వాయించకుండా ఉండాలని ఎడమ చేతిని తొడ కింద పెట్టుకుని అదిమిపట్టాను. అయినా బెంచీ మోగుతూనే ఉంది, లయ తప్పకుండా. తొడను ఇంకా గట్టిగా అదిమాను. తర్వాత చూస్తే, బెంచీ ఆ కొసన కూర్చున్నాయన కాలు ఊపుతున్నాడు.

నాయన చేయి ఒక్కరోజులో తిరిగి రాలేదు. వానలు పడి, చెనిక్కాయ చెట్లు పీకే కాలానికి లుంగీ ముడి వచ్చింది, తర్వాత టీ గ్లాసు వచ్చింది. అవ్వ అది తన మొక్కు ఫలం అంది. మామ తను తెచ్చిన టానిక్ అన్నాడు. నేను డోలు మానేయడం వల్లే అని నాకు మాత్రమే తెలుసు అనుకుని, ఒక త్యాగమూర్తి ఎట్లా నడవాలో అట్లా కొన్నాళ్లు నడిచాను. మళ్లీ ఒక మధ్యాహ్నం భయపడుతూనే మంటపానికి పోయి పుల్ల ఎత్తాను. నేను కొట్టకముందే దెబ్బ వినిపించింది. తర్వాత ఇంకొకటి, నిబ్బరంగా. స్తంభం వెనక నుంచి. అరిచే లోపల ఆ దెబ్బ దగ్గింది. నాయన, ఎడమ అరచేత్తో రాయిని తడుతూ.

“ఏమిటికిరా మానేసినావు? కొట్టు. ముందు దెబ్బ ఎడమది” అన్నాడు. కొట్టాను. ఆ రోజు కొండ నుంచి ఏమీ తిరిగి రాలేదు. ఎందుకో నాకిప్పటికీ తెలియదు.

ఇప్పుడు ఆ మంటపానికి ఇనుప గేటు, గేటుకు తాళం. గుడిలో హారతి వేళకు కరెంటుతో నడిచే నగారా ఉంది. దానికి కుడీ ఎడమా సమానం, ఏ చేయీ ఆవలించదు, కరెంటు పోతే రెండూ కలిసే పోతాయి. ధర్మవరం పెళ్లిళ్లలో గట్టిమేళం పెన్‌డ్రైవులో వస్తోంది. వేళ్ల తొడుగులు రెడీమేడ్‌గా అమ్ముతున్నారట, ఇంట్లో మైదా పూరీలకే వాడుతున్నారు. అవ్వ లేదు, చేట ఉంది గానీ చెరిగేవాళ్లు లేరు. నేను హిందూపురంలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాను, రెండు చేతులతోనూ. అయితే బాగుచేసిన ఫోను ఎవరికీ ఎడమ చేత్తో అందించను. కస్టమర్లు అది మర్యాద అనుకుంటారు.

ఆ రోజు డాక్టరు నాయన ఎడమ భుజం మీద వేలితో నొక్కి చెప్పింది ఇంతే: డోలు పట్టీ మరీ సన్నగా ఉండి నరాన్ని అదుముతోంది, కొన్నాళ్లు మోయకండి, తర్వాత వెడల్పాటి పట్టీ వేయించి కుడి భుజానికి మార్చుకోండి. మార్కెట్లో స్కూలు బ్యాగులు కుట్టేవాడు ఆ సాయంత్రానికే కుట్టిచ్చాడు.