తేలింది మామయ్య

ఆయనకున్నది ఒకే ఒక్క జబ్బు. పొద్దున్నే పేపరు విప్పి, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, గొంతు సవరించుకుని, "పరిశోధనలో తేలింది!" అనడం. మిగతా అన్నిట్లోనూ నిక్షేపంలాంటి మనిషి. నలభై ఏళ్ళు బట్టలు కుట్టి రిటైరైన టైలరు. ఒకరి జోలికి పోడు, ఒక మాట తూలడు. కానీ రోజుకో సంగతి తేలితే తప్ప ఆయనకి టీ గొంతు దిగదు. అందుకని వీధి వీధంతా ఆయన్ని తేలింది మామయ్య అనేది. చాటుగా కాదు, మొహం మీదే అనేది. ఆయనా ఏమీ అనుకోకుండా పలికేవాడు.

ఈ తేలినవన్నీ ముందుగా వచ్చి పడేది ఎవరి నెత్తిన? ఇంకెవరి నెత్తిన, కోడలి నెత్తినే. ఆ అమ్మాయి వీధి చివర క్లినిక్కులో నర్సు. పెళ్ళై ఆ ఇంటికొచ్చిన కొత్తలో, నర్సు కదా, "ఎక్కడ తేలింది మామయ్యా? ఎవరు చేశారు పరిశోధన?" అని అడిగేది. ఆయన పేపరు మడిచేసి, "పెద్దవాళ్ళు చేశారమ్మా" అనేవాడు.

ఒకరోజు ఇలాగే తేలింది. "మగవాళ్ళు రోజూ ఇరవై నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో చేతులు పెడితే గుండెకి ఢోకా లేదట. అరవై నాలుగు శాతం మందిలో తేలింది."

ఆయన కొడుకు సిటీ బస్సు డ్రైవరు. రొట్టె నములుతూ, "ఉత్త నీళ్ళా నాన్నా?" అన్నాడు.

"సబ్బు కలిపితే ఇంకా మంచిదట."

"చేతులు పెట్టుకుని ఊరికే నిలబడాలా?"

"వేళ్ళు ఆడుతుండాలిరా. చేతిలో ఏదో ఒకటి ఉంటే ఆడతాయి. గిన్నో, గరిటో."

ఆ పూట నుంచి ఇంట్లో గిన్నెలు తోమేది కొడుకే. మూడేళ్ళయింది. గుండె సంగతి తెలీదు గానీ గిన్నెలు మాత్రం తళతళలాడుతున్నాయి.

ఇంకోసారి, భోజనాల బల్లకి నాలుగో వైపు ఖాళీగా ఉంటే మిగతా ముగ్గురికీ అరుగుదల చెడుతుందని తేలింది. ఇంట్లో ఉన్నదే ముగ్గురు. నాలుగో మనిషిని ఎక్కడి నుంచి తేవాలి? పైవాటాలో లెక్కల మాస్టారొకాయన ఒంటరిగా ఉంటాడు, భార్య పోయి ఏడాదైంది. మామయ్య మెట్లెక్కి వెళ్ళి, "మాస్టారూ, మీరు దిగి రాకపోతే నా పొట్ట పాడైపోయేట్టుంది, మీ ఇష్టం" అన్నాడు. ఆయన పాపం కంగారుపడి దిగొచ్చాడు. ఒక్కపూట సాయం కదా అని వచ్చినవాడు ఈ రోజుకీ వస్తూనే ఉన్నాడు. వచ్చినందుకు మామయ్యకి సూదిలో దారం ఎక్కించి పెట్టిపోతాడు. అదేమిటి, టైలరుకి ఇంకొకరు దారం ఎక్కించడమేమిటి అంటారా? కళ్ళు పరీక్ష చేయించుకోమని కోడలు రెండేళ్ళుగా మొత్తుకుంటోంది. "టైలరు కళ్ళకి పరీక్షా? ఈమధ్య సూదులకే బెజ్జాలు చిన్నగా పెడుతున్నారు" అంటాడాయన.

శాతాల సంగతి కూడా చెప్పాలి. కోడలు ఓసారి ఉండబట్టలేక అడిగేసింది. "ఎప్పుడు చూసినా అరవై ఏడు శాతమే తేలుతుందేం మామయ్యా? పోనీ ఒక్కసారైనా అరవై ఆరు తేలకూడదా?"

"అరవై ఆరు పోయినేడాది తేలేది తల్లీ" అన్నాడు తాపీగా. ఆయనకి అప్పుడు అరవై ఏడేళ్ళు.

నవ్వొచ్చేదే. కానీ ఒక్కటి మాత్రం ఆ అమ్మాయికి నవ్వు తెప్పించలేదు. తను ఉద్యోగంలో చేరిన నెలకే ఇంకోటి తేలింది. డ్యూటీ నుంచి వచ్చిన మనిషిని నలభై నిమిషాలు ఎవరూ పలకరించకూడదట. పలకరిస్తే ఇంట్లో ఫ్యాన్లు కరెంటు ఎక్కువ తాగుతాయట. అప్పటినుంచి ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే మామయ్య పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. కొడుకు నోరు విప్పబోతే వేలితో ఫ్యాను చూపించేవాడు. "నా మొహం చూడ్డం ఇష్టం లేకపోతే ఆ ముక్కే చెప్పొచ్చుగా!" అని ఆమె భర్త దగ్గర ఎన్నిసార్లు కళ్ళనీళ్ళు పెట్టుకుందో. మనసులో ముల్లులా ఉండిపోయిందది.

పోనీ పేపరు చూసి పట్టుకుందామా అంటే ఆ ఆశా లేదు. టైలర్లు పాత పేపరు మీద కొలతలు గీసి, కత్తిరించి, ఆ ముక్కలు గుడ్డ మీద పరిచి కోస్తారు కదా. మామయ్యకి పాత పేపరు దాకా ఆగే ఓపిక లేదు. రిటైరైనా చెయ్యి ఊరుకోదు, వీధిలో ఎవరికో ఒకరికి చొక్కా కుడుతూనే ఉంటాడు. టీ అయ్యేసరికి ఆనాటి పేపరు చేతులు, కాలరు, జేబులుగా విడిపోయి గోడకున్న మేకుకి వేలాడుతుండేది.

ఇలా ఇంట్లో తేలుతున్నంతకాలం ఫర్వాలేదు. క్లినిక్కులో తేలడం మొదలయ్యేసరికే కొంప మునిగింది. జనం ఊరుకుంటారా, తమకి తోచినవి కూడా ఆయన పేరు మీద వేసేశారు. ఒకావిడ బీపీ చూపించుకుంటూ ఎడమకాలు ముందుకు చాపింది. "ఇలా పెడితేనే సరిగ్గా చూపిస్తుందని తేలిందట కదా నర్సమ్మా!" పెద్ద డాక్టరమ్మ విననే వింది. కోడల్ని గదిలోకి పిలిచింది.

"ఎవరమ్మా ఈ తేలింది మామయ్య?"

"మా మామగారండీ."

"ఇంకొక్కటి తేలిందో, నువ్వెళ్ళి రెండు బస్సులు మారే క్లినిక్కులో తేలతావు. చెప్పాను, తర్వాత నన్ననొద్దు."

ఇంటి పక్కన ఉద్యోగం, నడిచి వెళ్ళి నడిచి వస్తోంది. అది పోతే రోజుకి మూడు గంటలు బస్సుల్లోనే. ఇంటికెళ్ళి చెప్పింది. "మామయ్యా, మీకు దణ్ణం పెడతాను. కొన్నాళ్ళు ఏమీ తేల్చకండి."

"నేను తేలుస్తానా తల్లీ? అదే తేలుతుంది" అన్నాడు.

వారం తిరక్కుండానే, ఒక సోమవారం, అన్నిటికన్నా పెద్దది తేలింది. బుధవారం ఇస్త్రీ చేసిన బట్టల్లో వేడి రెండ్రోజులు దాక్కుంటుందట. వేసుకుంటే ఒళ్ళంతా చెమటకాయలట. బుధవారం బట్టలన్నీ గురువారం కలిపి ఇచ్చుకోవాలట. అరవై ఏడు శాతం!

మెట్ల కింద ఇస్త్రీ బండి పెట్టుకుని ఒకావిడ ఉంది, అందరూ ఇస్త్రీ పెద్దమ్మ అంటారు. బొగ్గుల పెట్టె, ఆ పొగ, ఆ పొగలో ఆమె దగ్గు. నెలల తరబడి దగ్గు. "బుధవారం బుధవారం ఊపిరితిత్తుల డాక్టరుగారు వస్తారు పెద్దమ్మా, ఒక్కసారి రా" అని కోడలు ఎన్నోసార్లు పిలిచింది. "నాకు ఖాళీ ఉన్నరోజు ఆయన్ని రమ్మను" అని పెద్దమ్మ పెట్టె తోసుకునేది. అలాంటి మనిషి బండి దగ్గరికి ఆ బుధవారం ఒక్క చొక్కా రాలేదు. గురువారం కొండంత మూట వచ్చింది, అది వేరే సంగతి. బుధవారమంతా చేతులు కట్టుకుని కూర్చుని, పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ దులిపేసింది.

"కష్టం చేసుకునే మనిషి పొట్ట మీద కొట్టడమేమిటండీ మీ నాన్న!" అంది కోడలు భర్తతో. ఈసారి ఊరుకోదలచుకోలేదు. ఆ తర్వాతి మంగళవారం సాయంత్రం మామయ్య మాస్టారితో నడకకి వెళ్ళగానే మేకు మీది ముక్కలన్నీ దించింది. తారీఖులు చూసి ఆ సోమవారం పేపరు ఏరింది. మంచం మీద పేర్చింది. ముందుభాగం, వెనకభాగం, చేతులు, కాలరు.

కొడుకు డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. "ఎవరే మంచం మీద?"

"మీ నాన్నగారి అబద్ధం. చదవండి!"

ఇద్దరూ వంగి చదివారు. వీపు మీద వాతావరణం. ఛాతీ మీద కూరగాయల ధరలు. కాలరు చుట్టూ ఆటల వార్తలు. బుధవారం ఇస్త్రీ ఊసెక్కడా లేదు. కాకపోతే ఎడమ చేతికి మోచేతి దగ్గర నలుచదరంగా ఒక కిటికీ ఉంది. అక్కడి వార్త ఎవరో శుభ్రంగా కత్తిరించుకున్నారు. "మోచేతికి కిటికీ ఉన్న చొక్కా ఎవరేసుకుంటారండీ?" అంది. ఆ పేపరు చెయ్యి మడిచి సంచిలో పెట్టుకుంది. రేపు డ్యూటీ కాగానే మామయ్య ముందు పడేసి అడుగుదామని.

రేపన్నది బుధవారం. పదకొండు గంటలకి క్లినిక్కు తలుపు ధడేలున తెరుచుకుంది. ఇస్త్రీ పెద్దమ్మ! అగ్గిమీద గుగ్గిలంలా ఉంది.

"ఏమ్మా నర్సమ్మా! మీ మామ నా బేరం చెడగొడతాడా? రెండో వారం! ఒక్క గుడ్డ ముక్క రాలేదు! నేనేం పాపం..." మాట పూర్తి కాలేదు. దగ్గు తెర వచ్చింది. వచ్చింది వచ్చినట్టు ఆగలేదు. గోడ పట్టుకుంది, బల్ల పట్టుకుంది, కోడలు పరిగెత్తి నడుం పట్టుకుంది.

పక్క గది తలుపు తీసుకుని ఊపిరితిత్తుల డాక్టరుగారు తల బయటపెట్టాడు. "ఆ దగ్గేది ఎవరు? ముందు ఆవిణ్ణి లోపలికి తీసుకురండి."

"నేను మందుకి రాలేదు, తగువుకొచ్చాను!" అంది పెద్దమ్మ దగ్గుల మధ్య.

"తగువు తర్వాత ఆడుకుందువుగాని, ముందు ఊపిరి పీల్చు" అన్నాడాయన.

గంటసేపు చూశాడు. ఛాతీ ఫొటో తీయించాడు. చివరికి చెప్పాడు. "ఇంకో ఆర్నెల్లు ఆగి వచ్చుంటే చాలా కష్టమయ్యేది. ఇప్పుడు మందులకి లొంగుతుంది, భయం లేదు. కానీ ఆ బొగ్గు పొగ మానాల్సిందే."

"బొగ్గు మానేస్తే కూడు మానాలి డాక్టరుగారూ" అంది పెద్దమ్మ నెమ్మదిగా. తగువు సంగతే మర్చిపోయింది.

ఆమెను వెంటబెట్టుకుని కోడలు ఇంటికొచ్చింది. మామయ్య యథాప్రకారం పేపరు అడ్డం పెట్టుకుని, వేలితో ఫ్యాను చూపించాడు.

"ఫ్యాను సంగతి తర్వాత! పెద్దమ్మ ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించుకుంది."

పేపరు కిందికి దిగింది. "ఏమన్నాడు?" ఆ గొంతులో పరిశోధన లేదు, భయం ఉంది.

"నయమవుతుందట. బొగ్గు మానాలట."

"అమ్మయ్య!" ఆయన లేచి కుట్టుమిషను సొరుగులోంచి గుండీల డబ్బా తీశాడు. అందులోంచి నలుచదరంగా కత్తిరించిన పేపరు ముక్క, దాని వెనకే ఒక దరఖాస్తు. "బొగ్గు పొగ ఊపిరితిత్తులకి చేటని నిజంగానే తేలిందమ్మా. అందుకని బొగ్గు వదిలేవాళ్ళకి వార్డు ఆఫీసులో సగం ధరకే కరెంటు ఇస్త్రీపెట్టె ఇస్తున్నారు. నెలాఖరు దాకా గడువుంది. మాస్టారు రాసి పెట్టారు. సంతకం ఒక్కటే తక్కువ."

కోడలు సంచిలోంచి పేపరు చెయ్యి తీసింది. ఆ ముక్క తెచ్చి మోచేతి కిటికీలో పెట్టింది. అచ్చంగా సరిపోయింది.

"మరి ఇదే చదివి చెప్పొచ్చుగా మామయ్యా!"

"చెప్పాను. మూడుసార్లు చదివి వినిపించాను. 'నిజమే అన్నా' అని దగ్గుకుంటూ బొగ్గులు వేసుకుంది. మందు కోసం కదలని మనిషి తగువు కోసమైతే కదులుతుంది కదా అని... ఫిర్యాదేదైనా ఉంటే మా కోడలికి చెప్పుకో, క్లినిక్కులో బుధవారమే వింటారన్నాను."

"ఎంత పని చేశావన్నా!" అంది పెద్దమ్మ. తిట్టిందో దీవించిందో ఆమెకే తెలీదు. సంతకం మాత్రం పెట్టింది.

కోడలు గుండీల డబ్బాలో చెయ్యి పెట్టింది. నిండా పేపరు ముక్కలే. ఒంటరిగా తినే ముసలివాళ్ళు త్వరగా చిక్కిపోతున్నారని ఒకటి. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి ఇంటి పని రెండో ఉద్యోగమవుతోందని ఒకటి. అడుగున, పసుపుబారిన ముక్క ఇంకొకటి. రోజంతా రోగులతో మాట్లాడి వచ్చే నర్సులకి ఇంటికి రాగానే కాసేపు ఎవరూ పలకరించని విశ్రాంతి అవసరమని. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. మూడేళ్ళ ముల్లు ఎక్కడికి పోయిందో పోయింది. ఆయన మీద ఎంత ప్రేమ వచ్చిందంటే, ఆ వెంటనే అంత కోపమూ వచ్చింది.

"ఇది కూడా ఉన్నదున్నట్టు చదవలేదేం?"

"చదివానమ్మా. 'పని చేసే ఆడవాళ్ళు అలిసిపోతున్నారు' అని చదివితే నీ మొగుడు 'అవును పాపం' అని నిన్నే ఇంకో రొట్టె అడిగాడు. నిజం వార్తకి అందరూ తలూపుతారు తల్లీ, లేచేవాడు ఒక్కడుండడు."

"మందుల జోలికి మాత్రం..."

"ఎన్నడైనా వెళ్ళానా?"

ఆలోచించి చూసింది. ఎన్నడూ వెళ్ళలేదు.

రెండ్రోజులకి పెద్ద డాక్టరమ్మ మళ్ళీ గదిలోకి పిలిచింది. కోడలు బస్సుల నెంబర్లు తలుచుకుంటూ వెళ్ళింది. "ఇన్ని నెలలు మనం పిలిస్తే రాని మనిషిని మీ మామగారు రప్పించాడటగా?" అంది డాక్టరమ్మ. కాసేపు పెన్ను తిప్పి, గొంతు తగ్గించింది. "బదిలీ మాట మర్చిపో గానీ, టీకాలకి కూడా ఎవరూ రావట్లేదమ్మా. ఆయన్నడిగి ఏదైనా..."

మర్నాడు పొద్దున్న మామయ్య లేచేసరికి పేపరు కోడలి చేతిలో ఉంది. కొడుకు, మాస్టారు బల్ల దగ్గర కూర్చున్నారు. ఆమె చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని గొంతు సవరించుకుంది.

"పరిశోధనలో తేలింది! రిటైరైన టైలర్లు శుక్రవారం క్లినిక్కులో కంటి డాక్టరు ముందు కూర్చోకపోతే, వాళ్ళు కుట్టిన చొక్కాలన్నిటికీ గుండీలు ఒకేసారి ఊడిపోతాయట."

మామయ్య టీ గ్లాసు దించాడు. "ఎంత శాతం?"

"ముప్పై ఒకటి" అంది. ఆమెకి ముప్పై ఒక్క ఏళ్ళు.

"ఏదీ, ఒకసారి ఇటివ్వు, చూస్తాను" అని చెయ్యి చాచాడు.

కోడలు అప్పటికే కత్తెర అందుకుంది. చక్కగా, తీరిగ్గా, పేపరుని రెండు చేతులూ ఒక కాలరుగా కత్తిరించి మేకుకి తగిలించింది. "పెద్దవాళ్ళు చేశారు మామయ్యా" అంది.

శుక్రవారం పొద్దున్నే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కంటి డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. కరెంటు పెట్టెతో చేసిన మొదటి ఇస్త్రీ అది.