ఏడు నీళ్ల అమ్మమ్మ

నడిసముద్రంలో ఎవరైనా సబ్బుతో చేతులు కడుక్కుంటే, ఒడ్డున నిలబడి అది ఏ రంగు సబ్బో చెప్పేయగలదు మా అమ్మమ్మ. సబ్బు మీద ఆవిడకున్న పగ పాముకి కూడా ఉండదు. గిన్నె ఎవరు తోమినా సరే, తను మళ్లీ ఏడు నీళ్లు పోసి కడగాల్సిందే. ఇంటికొచ్చిన చుట్టాలకు మంచినీళ్లు అందేలోపు వాళ్ల దాహం దానంతటదే చల్లారిపోయేది.

అంతా ఉద్యోగం తెచ్చిన జబ్బే అనుకునేవాళ్లం. ప్రయోగశాలలో ఆవిడ పళ్లెం నిండా నీళ్లు పోసి, పైన కొవ్వు చుక్క వేస్తుంది. అది కంటికి ఆననంత పలచని పొరగా పరుచుకుంటుంది. మన ఒంట్లో కణాల చుట్టూ ఉండే పొరకు నకలన్నమాట. సన్నటి రేకు వేలాడదీసి ఆ పొర తలతన్యత, అంటే పైన ఎంత బిగువుందో, కొలుస్తుంది. పళ్లెంలో పిసరంత సబ్బు మిగిలినా అంకె దబ్బున పడిపోతుంది. తొమ్మిదో తరగతిలోనే చదువుకు దండం పెట్టిన నాకే ఇది అర్థమైందంటే, ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో చూసుకోండి.

ఒకసారి జ్వరమొచ్చి రెండు రోజులు సెలవు పెట్టింది. మూడో రోజు నేను భోజనం క్యారేజీ పట్టుకెళ్లేసరికి అక్కడ పంచాయితీ నడుస్తోంది. ఆ రెండు రోజులూ అంకెలన్నీ తప్పొచ్చాయట. కొత్తగా వచ్చిన పెద్దసారు, గాజుసామాను కడిగే ఆవిడ మీద విరుచుకుపడుతున్నాడు.

"ఈ పళ్లేలు కడిగింది నువ్వేగా? రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆవిడ నోరు తెరిచేలోపే అమ్మమ్మ అడ్డొచ్చింది.

"సెలవుకు ముందే ఇవన్నీ కడిగి పెట్టి వెళ్లింది నేనండీ. జ్వరం మత్తులో ఆరు నీళ్లకే ఆపేశాను."

"మీరెందుకు కడగడం?"

"అదో పిచ్చండీ నాకు. ఇంకొకరు కడిగితే మనసొప్పదు. ఎవర్నైనా అడగండి."

అందరూ బుర్రలూపారు. ఆ పిచ్చి తెలియనివాళ్లు ఎవరని? సారు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

"వచ్చే నెల కంటి ఆపరేషన్ అయితే మీకీ చాకిరీ తప్పుతుందమ్మా" అంది కడిగే ఆవిడ మెల్లగా. "నురగ పోయిందో లేదో కనిపించి చావట్లేదు."

"ముందు ఆ కళ్ల సంగతి చూసుకో. అందాకా నేను కడుగుతాగా."

ఏడు నీళ్ల గుట్టు నాకు అప్పుడు తెలిసింది. క్యారేజీ విప్పుతూ అడిగాను.

"అమ్మమ్మా, ఇక్కడంటే ఆవిడ ఉద్యోగం కోసం. మరి ఇంట్లో నేను కడిగినవి కూడా మళ్లీ కడుగుతావేం? ఎవరికీ అనుమానం రాకుండా నాటకమా?"

అమ్మమ్మ నేను తెచ్చిన చెంచా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"నాటకమూ లేదు, పాడూ లేదు. నీ కడుగుడు అలా ఏడ్చింది మరి."