గీకకూడని బేరింగు

1963 జూన్‌లో నన్ను నెల్లూరులోని ఒక ప్రభుత్వ వాహనాల మరమ్మతుశాలకు ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. అక్కడి ఫిట్టర్లలో పెద్దవాడు మస్తానయ్య. పదవీ విరమణకు ఇంకా రెండేండ్లున్నవి. ఇంజను రాడ్డు చివరి గుండ్రని కంటిలో మెత్తని తెల్లలోహం కరిగించి పోసి, నీలిరంగు పూసి, రంగు అంటి ఎత్తు కనిపించినచోటల్లా గీకి, బేరింగును క్రాంకుకు, అంటే ఇంజనులో తిరిగే ఇరుసుకు, అద్దినట్లు కూర్చడంలో ఆయనకు సాటి లేరు.

ఆశ్వయుజపు వానలకు ముందు, తీరగ్రామాలలో కలరా టీకాలు వేసే వైద్యురాలి కారు మా శాలకు వచ్చింది. ఆ రకం కారు రావడం అదే మొదలు. వేగం పెంచితే ఇంజను అడుగున ఠకఠక మోత. అడుగున నూనె నిలిచే తొట్టి, సంపు, దించి చూడగా, పిస్టను బలాన్ని క్రాంకుకు చేర్చే కనెక్టింగ్ రాడ్లలో బేరింగులు అరిగిపోయి ఉన్నవి. క్రాంకును మద్రాసులో సానపట్టించి, తగిన కొలతకు కొత్తవి తెప్పించాను. అవి ఉక్కు రేకుపై పలుచని లోహపుపూత గల సిద్ధ బేరింగులు. వాటిని గీకరాదు. ఆ మాట చెప్పడం తండ్రి వయసువానికి అక్షరాలు దిద్దించినట్లుండునని సంకోచించి, బిగించమని మాత్రమే చెప్పాను. పని ముగిశాక ఇంజను నడిపించి, మోత లేదని విని, బేరింగుకూ క్రాంకుకూ నడుమ ఎడం కొలవకుండానే పని వివరాలు రాసే జాబు కార్డుపై సంతకం చేశాను.

మూడవనాడు కారు చిల్లకూరు దాటి నిలిచిపోయింది. వైద్యురాలు మందుల పెట్టెతో ఎద్దులబండిలో వెళ్ళవలసి వచ్చింది. ఇంజను విప్పితే బేరింగులపై పూత లేదు. మస్తానయ్య అలవాటు చొప్పున గీకివేశాడు.

బాధ్యుని పేరు పంపమని పైఅధికారి ఉత్తరువు. ఆ పేరుగలవాని ఉద్యోగం నిలవదని అందరికీ తెలుసు. మస్తానయ్య నా బల్ల ముందుకు వచ్చి, "గీకినోణ్ణి నేనే సామీ. నా పేరే రాసేయండి" అన్నాడు. వీటిని గీకరాదని తెలియదా అని అడిగాను.

"నాకెవరు చెప్పినారు? చదువుకున్నోరు, మీరే చూసి సంతకం పెట్టినారు. సరిగ్గానే ఉండాదనుకున్నా."

సూచన ఇవ్వనిదీ, కొలత తీయనిదీ నేనేనని నివేదికలో రాశాను. ఆయనకు మందలింపుతో సరిపోయింది. నా పదోన్నతి ఏడాది వెనుకబడింది.

క్రాంకును మళ్ళీ సానపట్టించి, కొత్త బేరింగులను రెండవసారి ఇద్దరమూ కలిసి కూర్చాము. రాడ్డుకూ దాని మూతకూ అంకెలు సరిచూసి, బేరింగుకూ క్రాంకుకూ నడుమ సన్నని సీసపు తీగ పెట్టి బిగించి, విప్పి, ఎడమెంతో తెలియడానికి నలిగిన తీగ మందాన్ని కొలిచాము. "గీకే పనే లేకపోతే ఇంక ఫిట్టరెందుకు సామీ" అని గొణుగుతూనే, మైక్రోమీటరు నాకంటె ముందు ఆయనే చదివాడు.

నిపుణునికి పని అప్పగించునపుడు, చేయవలసినదానితోబాటు చేయరానిదియు చెప్పవలెను. చెప్పకుండుట మర్యాద కాదు, విధి తప్పుట.