తాడు కోసిన నీడ

2015 జూలై, రెండో గురువారం, ఉదయం పది గంటలు. హాజరైనవారు: విచారణాధికారిగా మెరైన్ సూపరింటెండెంటునైన నేను, సారంగు అప్పన్న, ఆపరేషన్స్ గుమాస్తా పైడిరాజు.

మాది విశాఖ రేవులో టగ్గులు నడిపే చిన్న ప్రైవేటు కంపెనీ. ఇప్పుడది లేదు. టగ్గంటే పెద్ద ఓడను తాడుతో బెర్తుకు, అంటే అది ఆగే గట్టుకు, లాగే పొట్టి పడవ. దాని డెక్కు మీద పనివాళ్లకు పెద్ద సారంగు. అంతకు రెండు రోజుల ముందు మా టగ్గు తాడు తెగి, బొగ్గు ఓడ ఒకటి బెర్తు గోడను రాసుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అలాంటప్పుడు ఒక పేజీ నివేదిక హెడ్డాఫీసుకు పంపాలి. రాసేది పైడిరాజు.

ఈ పైడిరాజు అప్పటికే ఇరవయ్యేడు థ్రిల్లర్ నవలలు రాశాడు. వన్ టౌన్ ఆఫీసులో కుర్చీ దిగకుండా, కాలు తడవకుండా, వాటిలో పదకొండు ఓడలు ముంచాడు. ప్రతి నవలలోనూ నుదుటి మీద మచ్చ ఉన్నవాడొకడు, అధ్యాయం చివర తలుపు చప్పుడొకటి తప్పవు. వారపత్రికలో అతని సీరియల్ వస్తున్నప్పుడు మా సిబ్బంది డ్యూటీ చార్టు కంటే ముందు అదే చూసేవారు.

నివేదిక ఆరు పేజీలు వచ్చింది. మూడో పేజీలో, జూలై నెలలో, పొగమంచు కమ్మింది. నాలుగో పేజీలో డెక్కు మీద ఒక నీడ కదిలింది, కత్తి తళుక్కుమంది. ఆఖరి వాక్యం: “ఆ చేయి ఎవరిది?” దాని కింద ఆఫీసు ముద్ర.

హెడ్డాఫీసు దాన్ని నవలగా చదవలేదు. కుట్రేమోనని అనుమానించింది. ఆ సమయంలో డెక్కు మీదున్నది అప్పన్న ఒక్కడే కాబట్టి అతణ్ణి సస్పెండ్ చేయాలో వద్దో తేల్చమని నాకు రాసింది. అప్పన్నది జాలరిపేట. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్క మెమో లేదు. రిటైర్మెంటుకు ఎనిమిది నెలలుంది.

“డెక్కు మీద నానున్నాను. ఆ కోసినోడు నాకే కనపడనేదు. ఆఫీసులో కూకున్న నీకెలా కనపడ్డాడు బావా?” అని అప్పన్న పైడిరాజును నిలదీశాడు.

పైడిరాజు తల గోక్కున్నాడు. “తాడు పాతది, తెగిపోయింది అని రాస్తే ఎవుడు సదువుతాడు బావా?”

“సదవడానికి అదేటి, నీ సీరియలా? నా ఉద్యోగం!”

మళ్లీ రాయమన్నాను. నాలుగు వాక్యాలకు మూడు గంటలు పట్టింది. మధ్యలో ఒకసారి వచ్చి, పొగమంచు వరకైనా ఉంచుకోవచ్చా అని అడిగాడు. చివరికి రాసినది మాత్రం కచ్చితంగా ఉంది: తాడు అరిగిపోయింది, కొత్తది కావాలని సారంగు మూడు ఇండెంట్లు పెట్టాడు, ఒకటి స్టోర్సులో, ఒకటి హెడ్డాఫీసులో, ఒకటి సూపరింటెండెంటు బల్ల మీద ఆగిపోయాయి. ఆఖరిది నాదే. డైరీ చూసుకున్నాను: పదకొండు రోజులు. అప్పన్న దాచుకున్న నకళ్లు జతచేసి, సంతకం పెట్టి పంపాను.

మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకు ఉత్తర్వు వచ్చింది. రెండో నివేదిక అసమగ్రంగా ఉన్నందున వాపసు. మొదటిదే ఖరారు. గుర్తు తెలియని వ్యక్తి పని, సారంగుపై చర్య లేదు, ఫైలు ముగిసింది. అప్పన్న దాన్ని రెండుసార్లు చదివించుకుని, “ఎవుడో గానీ మారాజు, నన్ను గట్టెక్కించీసేడు” అంటూ, తెగిన తాడునే అతుకు వేసుకుని డ్యూటీకి వెళ్లాడు.

అసలు కారణం రాస్తే దాని వెంట ఎవరివో సంతకాలు బయటపడతాయి. నీడకు సంతకం ఉండదు. ఈ సంగతి నాకంటే ముందు హెడ్డాఫీసుకు తెలుసు. ఉత్తర్వు మీద అభ్యంతరం తెలిపేందుకు నాకు మూడు రోజుల గడువిచ్చారు. నేను తెలపలేదు.