నిండు బుగ్గల కోడలు

కీళ్లవాతంతో రాజమణి వేళ్లు కొంకర్లుపోయి, కొన్నేళ్లు తన జడ తానే వేసుకోలేకపోయింది. హనుమకొండ డాక్టరు మందులు మొదలుపెట్టాక నొప్పులు తగ్గాయి. ఆ మందులకే ముఖం ఉబ్బి, బుగ్గలు గుండ్రంగా తేలాయి. జనగామ దగ్గరి ఆ అత్తింట్లో అందరూ దాన్ని ఆరోగ్యమనుకున్నారు. చూసే కళ్లే తప్ప ఆలోచించే బుర్ర ఆ గడపలో ఏ తరంలోనూ పుట్టలేదు.

"నీ ఒంటి బలమే నీ కీళ్ల మీద తిరగబడిందమ్మా. దాన్ని అణచడానికే ఈ మందులు. ఇక వేరే రోగమొస్తే కొట్లాడే బలం కూడా ఉండదు. దగ్గేవాళ్లకు దూరంగా ఉండు" అని డాక్టరు చెప్పి పంపాడు.

ఆ చలికాలమే మామ బాలనర్సయ్యకు దగ్గు పట్టుకుంది. ఒకప్పటి సర్పంచి. తెమడ పరీక్ష చేయించుకోమంటే మీసం దువ్వాడు.

"టీబీ కూలోళ్లకొస్తది. మన ఇంట్లకెట్లొస్తది?"

రోగం ఎన్నెకరాలో అడిగి మరీ వస్తుందని ఆయన నమ్మకం.

మరి పక్కన కూర్చుని గంజి తాగించేదెవరు? పెద్దకోడలు సుమలతకు ఆ పూటే నడుము పట్టేసింది.

"నువ్వే చూస్కో చెల్లే. మొఖం సూడు, పున్నమి చంద్రుని లెక్కున్నది. నీకేం రోగం?"

"గిది మందుల వాపక్కా. లోపలంత డొల్లనే. దగ్గేటోళ్ల దగ్గరికి పోవద్దన్నడు డాక్టరు."

"అబ్బ! మామకు గంజి పొయ్యాల్సొచ్చేసరికి డాక్టరు యాదికొచ్చిండు!"

రాజమణి భర్త బిక్షపతి వైపు చూసింది. ఆయన సెల్లులోంచి తలెత్తలేదు. "జర చెయ్యరాదు. బాపు ఇంకెన్నాళ్లుంటడు?"

ముక్కుకు కొంగు కట్టుకుని పోతే, ముసలాయన అది తనకు అవమానమన్నాడు. కొంగు విప్పించారు.

ఎండలు ముదిరేసరికి ఆమెకు నాలుగడుగులకే ఆయాసం. ఆ మందులు జ్వరాన్ని కూడా పైకి కనపడనియ్యవు. ఒళ్లు కాలట్లేదు గనుక రోగం లేదని ఇంటివాళ్ల తీర్పు. చివరకు ఒక్కతే బస్సెక్కి జనగామ దవాఖానకు పోయింది. టీబీ, రెండు ఊపిరితిత్తులనూ తినేసింది. అక్కడే వార్డులో చేర్చుకున్నారు. మామకూ అదే తేలింది. ఆయన మాత్రలతో తేరుకుని, అంతా తన గుండె ధైర్యమేనని ఊరంతా చెప్పుకున్నాడు.

ఒకనాడు సుమలత వచ్చి వార్డు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఎన్నడొస్తవు చెల్లే? మామకు మందులేసేటోళ్లు లేక పరేషానైతున్నది."

రాజమణి ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపింది.

"నేను రాను. ఇగ మీ మామను మీరే చూసుకోండ్రి."

అన్నట్టే, ప్రాణాలతో రాలేదు.